ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విరిగిపోతున్నాయి, శుభలేఖ రేపు ప్రెస్‌కి వెళ్లాలి

తెనాలి_కుంచె | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అర్జెంటు. పెళ్లివాళ్లు మ్యాటర్ మొత్తం వాట్సాప్‌లో పంపారు. కాపీ చేసి ఫోటోషాప్‌లో పేస్ట్ చేశాను, ఫాంట్ మండలి. పై వరుసలో "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" దగ్గరే గొడవ మొదలైంది. "శ్రీ" బదులు "శ్‌రీ" అని వస్తోంది. "అవిఘ్‌నమస్తు" అంటూ ఘ పక్కన న విడిగా నిలబడింది. పెళ్లికూతురి పేరులో లక్ష్మి ఉంది, అది "లక్‌ష్‌మి" అయి కూర్చుంది. పెళ్లికూతురి నాన్నగారు చూస్తే నన్ను బతకనివ్వరు.

అదే మ్యాటర్ నోట్‌ప్యాడ్‌లో పెడితే ముత్యాల్లా ఉంది. ఫాంట్లు మార్చి చూశాను. నోటో, రామభద్ర, సూరన్న, అన్నిట్లోనూ ఇదే తంతు. నాది ఫోటోషాప్ సీసీ 2018, విండోస్ 10. రేపు పొద్దున 11కి ప్రెస్‌లో ఇవ్వాలి. ఎవరైనా దారి చెప్పండి.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | రాత్రి 9:20

అన్నా, పాత డీటీపీ అను ఫాంట్లల కొట్టు. పది నిమిషాల పని. ఈ ఫోన్ల యూనికోడ్ తెలుగుతోని ఎందుకు లొల్లి?

తెనాలి_కుంచె | రాత్రి 9:22

నాలుగు పేజీల మ్యాటర్ అన్నా. బంధువుల పేర్లే ముప్పై ఉన్నాయి. మళ్లీ కొడితే తెల్లారుతుంది, పైగా నాకు అను కీబోర్డు చేతికి రాదు. ఫోన్ తరం నాది.

పేజ్‌మేకర్_తాత | రాత్రి 9:31

తమ్ముడూ, కంగారు పడకు. నీ ఫాంట్లో తప్పు లేదు, మ్యాటర్లోనూ లేదు. ఫోటోషాప్‌లో అక్షరాలు పేర్చే ఇంజిన్ తప్పుది ఎంచుకుని ఉంది, అంతే.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో టైప్. అక్కడ టెక్స్ట్ ఇంజిన్ ఆప్షన్లు రెండుంటాయి. నీది ఇప్పుడు ఈస్ట్ ఏషియన్ మీద ఉండి ఉంటుంది. రెండోది, మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్, అది నొక్కు. కొన్ని వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ లేఅవుట్ అంటారు. ఫోటోషాప్ మూసి మళ్లీ తెరువు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ మార్పు కొత్తగా చేసే టెక్స్ట్‌కే వర్తిస్తుంది. నువ్వు ముందే పెట్టేసిన లేయర్లు పాత ఇంజిన్‌నే పట్టుకుని వేలాడతాయి. వాటిని ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ కుడి మూలలో ఉన్న చిన్న మెనూ తెరిచి వరల్డ్ రెడీ లేఅవుట్ మీద టిక్ పెట్టాలి. చేసి చూసి చెప్పు. నేను మేలుకునే ఉంటాను.

తెనాలి_కుంచె | రాత్రి 9:44

తాతగారూ మీ కాళ్లకు దణ్ణం. ముందు ఇంజిన్ మార్చాను, ఏమీ కాలేదు, గుండె జారిపోయింది. తర్వాత మీరన్న టిక్ పెట్టగానే "శ్రీ" టక్కున అతుక్కుంది. లక్ష్మి కూడా లక్షణంగా వచ్చింది.

అసలు ఇదెందుకు ఇలా? నోట్‌ప్యాడ్ లాంటి చిన్నదానికి తెలిసింది ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఎందుకు తెలియదు?

వెబ్‌గూడు | రాత్రి 9:58

ఇది నేను చెప్తాను. ఆఫీసులో నెలకోసారి ఎవరో ఒకరికి చెప్పే పాఠమే.

"శ్రీ" మనకి ఒక అక్షరం. కంప్యూటర్లో మాత్రం నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. "లక్ష్మి" అయితే ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్ దాచేది ఈ ముక్కల వరసనే. ఏ ముక్కలు కలిస్తే ఏ రూపం రావాలన్న పట్టిక ఫాంట్ లోపల ఉంటుంది. ఆ పట్టిక చదివి ముక్కల్ని అతికించాల్సిన బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. నోట్‌ప్యాడ్‌కి ఆ పని విండోస్ చేసిపెడుతుంది. ఫోటోషాప్ చేసే అడోబ్ వాళ్లు విండోస్ మీద ఆధారపడకుండా సొంత ఇంజిన్ పెట్టుకున్నారు. ఇంగ్లీషు, చైనీస్, జపనీస్‌లకు రాసిన ఇంజిన్‌కి ఒత్తు అంటే ఏమిటో తెలియదు. ఒక్కో ముక్కనీ ఎలా ఉన్నది అలా గుద్దేస్తుంది.

కొత్త వెర్షన్లలో ఇంజిన్లన్నీ కలిపి ఒకటే చేసేశారు కాబట్టి ఈ బాధ తగ్గింది. నీలాగా పాత సీసీ వాడేవాళ్లకే ఈ తలనొప్పి.

ఇలస్ట్రేటర్‌లో కూడా ఇదే కథ. ప్రిఫరెన్సెస్, టైప్ లోకి వెళ్లి ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాక, పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో నేరుగా పేరాగ్రాఫ్ మెనూలోనే ఉంటుంది.

తెనాలి_కుంచె | రాత్రి 10:15

థాంక్యూ అక్కా. ఇంకో చిక్కు. పెళ్లికొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. కార్డులో "సాఫ్ట్వేర్" అని వస్తోంది, ట కింద వ ఒత్తు దిగబడింది. వాళ్లు పంపింది అలాగే ఉందా, ఫోటోషాప్ చేసిందా?

వెబ్‌గూడు | రాత్రి 10:21

వాళ్లు పంపిందే అలా ఉంటుంది. ట్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉండాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "ఇక్కడ అతికించకు" అని ఇంజిన్‌కి చెప్పడమే దాని పని. అది ఉంటే "సాఫ్ట్‌వేర్", లేకపోతే "సాఫ్ట్వేర్". ఫోన్లో టైప్ చేసేవాళ్లు చాలామంది దాన్ని పెట్టరు. నా ఈ పోస్టులోంచే సరైన మాట కాపీ చేసుకో, ఆ అక్షరం కూడా వెంట వస్తుంది. కార్డులో ఆస్టిన్ అన్న మాట ఉంటే పర్లేదు, అక్కడ ఒత్తు ఉండాల్సిందే. ఫేస్‌బుక్ అని ఉంటే మాత్రం స్ తర్వాత ఈ అక్షరం ఉందో లేదో ఒకసారి చూసుకో.

ఈ కనపడని అక్షరంతో ఒకప్పుడు ఐఫోన్లే కుప్పకూలాయి, గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో. "జ్ఞ" తర్వాత ఇది పెట్టి దీర్ఘం ఇస్తే మెసేజ్ తెరిచిన యాప్ చచ్చేది. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 తెచ్చి సర్దుకున్నారు. ఆ వారం మా ఆఫీసులో ఐఫోన్ ఉన్నవాళ్లందరినీ తెలుగోళ్లు ఆడుకున్నారు.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | రాత్రి 10:30

నేను కూడా పంపిన అక్కా అది. మా బావ మూడు నెలలు మాట్లాడలే.

పేజ్‌మేకర్_తాత | రాత్రి 10:38

తమ్ముడూ, ప్రెస్‌కిచ్చే ముందు ఈ మూడు చూసుకో.

వరుసల మధ్య ఎడం ఫోటోషాప్ ఆటో మీద వదిలేస్తే 120 శాతం పెడుతుంది. ఇంగ్లీషుకి అది చాలు. మనకి పై వరుసలో "స్త్రీ" వస్తే ఒత్తులు రెండంతస్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలో "కీ" గుడి పైకి లేస్తుంది. రెండూ గుద్దుకుంటాయి. 140 కంటే తగ్గించకు. పేర్ల జాబితాలో అయితే 150 పెట్టు.

నలుపు. నీ ఫైలు ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల్లో చేసి, చివర్లో సీఎంవైకేకి, అంటే ప్రెస్ ఇంకులకి మార్చావనుకో, ఆ నలుపు మామూలు సెట్టింగుల్లో సియాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. మొత్తం 300 శాతం ఇంకు. ఆఫ్‌సెట్‌లో నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న అక్షరాల అంచుల్లో ఎర్రటి నీలపు నీడలు కనిపిస్తాయి. చదివేవాళ్లకి కళ్లజోడు మార్చాలేమో అనిపిస్తుంది. అక్షరాలకి బ్లాక్ 100, మిగతావి సున్నా. చేత్తో ఇవ్వు.

మూడోది, టెక్స్ట్‌ని షేప్‌గా మార్చి పంపు. టైప్ మెనూలో కన్వర్ట్ టు షేప్. దానికి ముందు ఫైలుకి ఇంకో కాపీ చేసి విడిగా దాచుకో, అందులో టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉండాలి. ఈ మాట మర్చిపోకు.

తెనాలి_కుంచె | రాత్రి 10:52

షేప్‌గా మారడం లేదు తాతగారూ. ఫాక్స్ బోల్డ్ ఉంది కాబట్టి కుదరదు అంటోంది.

పేజ్‌మేకర్_తాత | రాత్రి 10:55

మండలి ఫాంట్‌కి ఒకటే మందం. నువ్వు బొద్దుగా కావాలని క్యారెక్టర్ ప్యానెల్‌లో టీ గుర్తు నొక్కుంటావు. అది దొంగ బోల్డ్. అక్షరాన్ని నలువైపులా ఉబ్బిస్తుంది, "ఘ"కీ "ఝ"కీ మధ్యలో ఉండే సందులు పూడిపోతాయి. తీసెయ్. శీర్షికలకి రామభద్ర వాడు, పుట్టుకతోనే లావు. మందాలు మార్చుకోవాలంటే హింద్ గుంటూరులో ఐదున్నాయి. అనేక్ తెలుగు అయితే వేరియబుల్ ఫాంట్, సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా మీట జరిపినట్టు జరుపుకోవచ్చు. నీ సీసీ 2018లో వేరియబుల్ ఫాంట్లు పనిచేస్తాయి.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | రాత్రి 11:04

తాతా, షేప్‌లు చేయమని మంచి మాట చెప్పినవ్. నా సంగతి చెప్త వినండి. పోయినేడు ఒకాయన పెద్దమనిషి పోయిండు, శ్రద్ధాంజలి ఫ్లెక్స్. రాత్రి రెండింటికి డిజైన్ చేసి ఫోటోషాప్ లేయర్ల ఫైల్, పీఎస్‌డీనే పంపిన. అక్కడ ప్రింట్ కొట్టే పిల్లగాడు ఫాంట్ లేదంటే ఓకే నొక్కిండు. పొద్దున చౌరస్తాల "శ్‌రద్‌ధాంజలి" అని పన్నెండు అడుగుల బోర్డు లేచింది. ఆ ఇంటి కొడుకు ఏమనలే. ఊకే దాన్నే చూసుకుంట నిలబడ్డడు. తిట్టినా బాగుండు. మధ్యాహ్నంకల్లా నా పైసలతోని కొత్తది కట్టిచ్చిన.

అప్పటి సంది ఫ్లెక్స్‌కి టిఫ్ గాని, ఫ్లాటెన్ చేసిన జేపెగ్ గాని, అంతే. లేయర్ల ఫైల్ బయటకి పోనియ్య.

వెబ్‌గూడు | రాత్రి 11:10

చాలా బాధగా ఉంది అన్నా చదువుతుంటే.

డాలస్_మామిడి | రాత్రి 11:37

ఇక్కడ నాకు మధ్యాహ్నం. మా తెలుగు సంఘం సంక్రాంతి పోస్టర్లు నేనే చేస్తాను. ఫోటోషాప్‌కి నెలనెలా చందా కట్టలేక అఫినిటీకి మారాను. 2025 అక్టోబర్ 30 నుంచి అది ఉచితం, చూశారా? కాన్వా వాళ్లు 2024 మార్చిలో కంపెనీని కొన్నారు. ఇప్పుడు ఫోటో, డిజైనర్, పబ్లిషర్ మూడూ కలిపి ఒకే యాప్ చేశారు. కాన్వా అకౌంట్ ఉంటే చాలు, ఏఐ పనిముట్లకి మాత్రమే డబ్బులు.

ఫోటో పని అద్భుతం. నా బాధల్లా తెలుగే. వెర్షన్ 2 వాడిన రోజుల నుంచీ ఒత్తులు విరిగేవి. పైన తాతగారు చెప్పినలాంటి మీట కూడా ఆ వెర్షన్లో లేదు. మీలో వాడేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

ఊరికే_సాఫ్ట్‌వేర్ | రాత్రి 11:49

ఇంక్‌స్కేప్ పెట్టుకోండి, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్. దానిది హార్ఫ్‌బజ్ ఇంజిన్, తెలుగు పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు పేరుస్తుంది, మీటలేమీ తిప్పక్కర్లేదు. శీర్షిక అందులో కొట్టి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ చేసి, ఎస్‌వీజీగా సేవ్ చేసి అఫినిటీలోకి లాక్కోండి. అది వెక్టర్, అంటే చుక్కలు కాదు గీతలు, కాబట్టి ఎంత పెంచినా చెదరదు. పేరాలకి పేరాలు ఉంటే విసుగే గానీ, పోస్టర్‌లో నాలుగు లైన్లకి ఇది చాలు.

ఫోటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్ మాట కూడా చెప్పనివ్వండి. 3.0 వెర్షన్ 2025 మార్చి 16న వచ్చింది. 2.10 వచ్చిందేమో 2018లో. ఏడేళ్లు ఎదురుచూశాం, మా అబ్బాయి ఆ లోపు ఒకటో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చాడు. ఫిల్టర్ వేశాక కూడా దాన్ని మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు ఇప్పుడు. బ్లర్ ఎక్కువైందని మొదటి నుంచి చేసే పని లేదు. తెలుగు అక్షరాల చుట్టూ గీత కావాలంటే టెక్స్ట్ టూల్లోనే ఉంది, అక్షరాన్ని బొమ్మగా మార్చక్కర్లేదు. సీఎంవైకేలో టిఫ్, జేపెగ్ ఎగుమతి చేస్తుంది.

పేజ్‌మేకర్_తాత | అర్ధరాత్రి 12:03

జింప్ మంచిదే. కానీ నాయనా, క్లయింటు పీఎస్‌డీ ఇస్తే టెక్స్ట్ లేయర్లన్నీ బొమ్మలైపోతాయి కదా అందులో. మా వీధిలో పనంతా పీఎస్‌డీల మీదే తిరుగుతుంది. పొగడ్తకి ముందు ఆ మాట కూడా చెప్పాలి.

ఊరికే_సాఫ్ట్‌వేర్ | అర్ధరాత్రి 12:06

ఒప్పుకుంటాను తాతగారూ. సొంతంగా మొదలుపెట్టే పనులకి జింప్. వేరేవాళ్ల పీఎస్‌డీ దిద్దాలంటే కాదు.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | అర్ధరాత్రి 12:11

అందరూ యూనికోడ్ యూనికోడ్ అంటున్రు. ఫ్లెక్స్‌ల లీడర్ పేరు చౌరస్తా అవతల నుంచి కనవడాలె. అనుల ఉన్నన్ని డిజైన్ అక్షరాలు యూనికోడ్‌ల ఏవి? నిజం చెప్పండి.

పేజ్‌మేకర్_తాత | అర్ధరాత్రి 12:24

నువ్వన్నది నిజమే. ముప్పై ఏళ్లుగా నా తిండి అనుతోనే. పేజ్‌మేకర్‌లో దినపత్రికల ప్రకటనలు కొట్టినవాణ్ణి. అనులో "క" అనేది ఇంగ్లీషు అక్షరానికో గుర్తుకో తొడిగిన వేషం. ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంట్ లేని మిషన్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు. పదేళ్ల కిందటి ఫైల్లో ఒక పేరు వెతకాలంటే నాకే సాధ్యం కాదు. మొన్న ఒకాయన తాతగారి మీద వేసిన సంచిక మళ్లీ అచ్చు వేయించమన్నాడు. కన్వర్టర్‌లో వేస్తే సగం ఒత్తులు తారుమారు. రెండు వారాలు కూర్చుని దిద్దాను, ఒక్కణ్ణే.

ఇంకో దెబ్బ, పాత టైప్ 1 ఫాంట్లు. ఫోటోషాప్ 2021లోనే వాటిని వదిలేసింది. మిగతా అడోబ్ సాఫ్ట్‌వేర్లు 2023 జనవరిలో వదిలేశాయి. ఎవరి దగ్గరైనా ఆ రోజుల్లో డబ్బిచ్చి కొన్న ఫాంట్లుంటే, మిషన్ మార్చే ముందు వాటితో చేసిన పనులన్నీ పీడీఎఫ్ చేసి దాచుకోండి. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

అక్షరాల అందం సంగతంటావా, సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చినవి చూశావా? ధూర్జటి, తిమ్మన, పెద్దన, రామరాజ, గిడుగు, మల్లన్న, గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతున్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్, వ్యాపారానికీ వాడుకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్ముకోకూడదు అంతే. లీడర్ పేరుకి రామభద్ర పెట్టి చుట్టూ తెల్ల స్ట్రోకు కొట్టి చూడు. ఆపైన నీ ఇష్టం, అను మానమని నేను చెప్పను.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | అర్ధరాత్రి 12:33

చూస్త తాతా. ఇంకొకటి, 40 అడుగుల బ్యానర్ చేస్తుంటే పీఎస్‌డీ సేవ్ కాలే మొన్న. మిషన్ పాతదయ్యిందా?

పేజ్‌మేకర్_తాత | అర్ధరాత్రి 12:37

మిషన్ కాదు, లెక్క. పీఎస్‌డీ ఏ వైపూ 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు. నువ్వు 72 రిజల్యూషన్ పెడితే 34 అడుగుల పైన కొంచెందాకానే వస్తుంది. పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా సేవ్ చేసుకో, లేదా రిజల్యూషన్ 50 పెట్టు. అంత ఎత్తున కట్టే బ్యానర్‌ని ఎవడూ ముక్కు ఆనించి చూడడు.

డాలస్_మామిడి | అర్ధరాత్రి 12:50

ఒత్తుల సంగతి తేలింది కాబట్టి అడుగుతున్నా. ఏఐతో పోస్టర్ మొత్తం చేయించేవాళ్లు పెరిగారు మా సంఘంలో. ముగ్గు, గంగిరెద్దు, గాలిపటాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. "సంక్రాంతి శుభాకాంక్షలు" మాత్రం కన్నడానికీ తెలుగుకీ మధ్య ఎక్కడో పుట్టిన భాషలో వస్తోంది. మా అధ్యక్షుడు గారు దాన్నే గ్రూపులో పెట్టేశారు.

వెబ్‌గూడు | అర్ధరాత్రి 12:58

అక్షరాలు దానికి అప్పజెప్పకండి. బొమ్మ వరకే అడగండి, పైన ఖాళీ వదలమనండి, తెలుగు మీరు వేయండి. ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఎక్స్‌పాండ్‌తో నేను చేసేదల్లా నిలువు ఫోటోని వెబ్‌సైట్ బ్యానర్‌కి అడ్డంగా సాగదీయడం. ఆకాశం, గోడ, పొలం అయితే పర్వాలేదు. గుడి గోపురం సాగదీస్తే మటుకు లేని దేవుళ్లు పుడతారు, దగ్గరకు జరిపి చూసుకోండి.

వెబ్‌సైటుకైతే ఇంకో మాట, బ్యానర్ బొమ్మలో తెలుగు కలిపేయొద్దు. ఫోన్లో బొమ్మ కుదించుకుపోయి ఒత్తులు చుక్కలవుతాయి. గూగుల్‌కి ఆ మాటలు కనపడవు, చూపులేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ కనపడవు. బొమ్మని వెబ్‌పీ ఫార్మాట్‌లో ఇవ్వండి, 2022 నుంచి ఫోటోషాప్ ప్లగిన్ లేకుండానే సేవ్ చేస్తోంది. తెలుగు మాత్రం పైన అక్షరాలుగానే రానివ్వండి. లైన్ హైట్ 1.6కి తగ్గొద్దు, అక్షరాల మధ్య ఎడం అస్సలు ముట్టుకోవద్దు. ఇంగ్లీషు శీర్షికలకి మైనస్ స్పేసింగ్ పెట్టే అలవాటున్న డిజైనర్లు అదే తెలుగుకీ పెడతారు, పక్క పక్క ఒత్తులు ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుతాయి.

తెనాలి_కుంచె | అర్ధరాత్రి 1:26

నాలుగు పేజీలూ అయిపోయాయి. ఎడం 150, నలుపు 100, ఫాక్స్ బోల్డ్ తీసేశాను, షేప్‌లు చేశాను, విడి కాపీ దాచాను. "సాఫ్ట్‌వేర్" అక్క పోస్టులోంచే తీసుకున్నా. పడుకుంటున్నా. అందరికీ థాంక్స్.

తెనాలి_కుంచె | మర్నాడు మధ్యాహ్నం 12:40

ప్రెస్‌లో ప్రూఫ్ తీశారు. పెళ్లికూతురి నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివారు. అక్షరాలు ముద్దుగా ఉన్నాయన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడి, "బాబూ, పెద్ద మేనమామ పేరు మర్చిపోయాం, ఆయన పేరు ముందుండాలి" అన్నారు.

తాతగారు దాచమన్న కాపీ ఫోన్లో డ్రైవ్‌లోంచి ప్రెస్ వాళ్ల మిషన్లోకి దింపాను. మేనమామ గారి పేరు సత్యజ్ఞానప్రసాద్. పేస్ట్ చేశాక ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను.

ఓరుగల్లు_ఫ్లెక్స్ | మధ్యాహ్నం 12:44

అతుక్కుందా లేదా చెప్పన్నా!!

తెనాలి_కుంచె | మధ్యాహ్నం 12:51

ప్రెస్ వాళ్ల ఫోటోషాప్‌లో ఇంజిన్ ఈస్ట్ ఏషియన్ మీదే ఉంది. నేనే మార్చి, టిక్ పెట్టి వచ్చా. వాళ్ల ఆపరేటర్ ఆ మెనూని ఫోటో తీసుకున్నాడు.